మూడెకరాల పొరపాటు

ఆగస్టు 18, సోమవారం

కృష్ణమోహన్ గారు తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఇరవై నాలుగేళ్లలో ఆయన తలుపు వేసి నాతో మాట్లాడటం ఇది రెండోసారి. మొదటిసారి ఉద్యోగం ఇచ్చిన రోజు.

"విహార ఎన్‌క్లేవ్ గుర్తుందా ఛాయా?" అన్నారు.

లేదన్నాను.

"మియాపూర్ అవతల, ఎర్రగుంటపల్లి. రెండువేల మూడు. లేఅవుట్ షీటు నువ్వే వేశావు."

ఆ ఏడాది ఎన్ని షీట్లు వేశానో దేవుడికే తెలియాలి. ఊళ్లకు ఊళ్లు ప్లాట్లుగా కోసి పారేసిన రోజులవి. ఆయనే మొత్తం చెప్పారు. ముప్పై రెండెకరాల లేఅవుట్. ఉత్తరం మూల నాలుగెకరాల రాతిగుట్ట. మిగతా రెండు పార్కులు పోను గుట్టలో ఒక్క ఎకరం చూపిస్తే పార్కులకి ఇంత నేల వదలాలన్న రూలుకి సరిపోయేది. తక్కిన మూడెకరాలు ఓనరు తనకే ఉంచుకున్నాడు. మధ్యలో చుక్కల గీత. నేను ఆ గీత దాటి గుట్ట మొత్తానికీ పార్కు గుర్తయిన పచ్చరంగు వేశానట. అది అలాగే ఆమోదముద్ర పడి, నాలుగెకరాలూ పార్కు కింద రిజిస్టరైపోయాయి. రాళ్లే కదా అని అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆ ఓనరు లేడు. కొడుకు దుర్గేష్ పాత కాగితాలు తిరగేసి పట్టుకున్నాడు. మూడెకరాలు వెనక్కిస్తే గుట్ట పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కడతాడు. పొరపాటని రుజువైతే సవరిస్తామని పైవాళ్లన్నారట. రంగు వేసిన మనిషి, వేయించిన మనిషి వచ్చి చెప్పాలి.

టైపు చేసిన కాగితం ఇచ్చారు. "ఛాయాదేవి అను నేను పొరపాటున ఆకుపచ్చ రంగు వేసితిని" అని ఉంది. కింద సంతకానికి చోటు.

"తీసుకెళ్లి చదువుకో. తొందరేం లేదు" అన్నారు. తొందర ఉన్నప్పుడే ఆయన ఆ మాట అంటారు.

ఆగస్టు 19

గుర్తులేదనే చెప్పాను. నిజంగానే గుర్తులేదు.

రవళికి చెప్పలేదు. చెబితే దాని బేగంపేట ఆఫీసులో ఉన్న లాయర్లందర్నీ ఇంటికి తీసుకొస్తుంది. నా కూతురికి తల్లి తప్పు చేసిందన్న మాట తప్ప మిగతావన్నీ వినబడతాయి.

ఆగస్టు 21, గురువారం

మధ్యాహ్నం అందరూ భోజనాలకి దిగాక పాత షీట్లు చుట్టి పెట్టిన రేకు గొట్టాలు బీరువా మీంచి దించాను. విహార ఎన్‌క్లేవ్ దొరికింది. అసలు గీసిన ట్రేసింగ్ కాగితం మీద చుక్కల గీత నల్ల ఇంకుతో శుభ్రంగా ఉంది. దాని పక్కన నా చేతిరాతతోనే "ఓనరు రిజర్వు" అని ఉంది. దాన్నుంచి తీయించి రంగు వేసిన ప్రింటు ఫైల్లోంచి తీశాను. గీత మీదుగా పచ్చరంగు చల్లగా వెళ్లిపోయింది. ఎక్కడా ఆగలేదు. ఆ పెన్సిల్ నాదే, ఆ వాలు నాదే. నేను ఎడమనుంచి కుడికి కిందకి వాల్చి వేస్తాను.

కింద గళ్లు ఉన్నాయి. గీసింది దగ్గర నా పొడి అక్షరాలు. సరిచూసింది దగ్గర సారువి. సరిచూడటం అంటే మా ఆఫీసులో సంతకం పెట్టడమే. నేను గీశాక ఆయన ఏనాడూ చూసింది లేదు. "నువ్వు గీశాక చూసేదేముందమ్మా" అంటారు. అది నాకు ఇన్నాళ్లూ బిరుదులా ఉండేది.

కరెంటు పోయి ఉంటుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నాలు పోయేది. కిటికీ వెలుగులో చుక్కలు కనబడక వేసేసి ఉంటాను.

అసలు మా పనిలో పార్కు అంటే మిగిలింది. ముందు రోడ్లు, తర్వాత ప్లాట్లు. ప్లాటుకి పనికిరాని వంకర మూల, పల్లం, హైటెన్షన్ తీగల కింద నేల, రాళ్లు, ఇవన్నీ పార్కులు. నేను వేసిన పార్కులు నూట నలభై దాకా ఉంటాయి. ఒక్కదాంట్లో కాలు పెట్టలేదు. పంజాగుట్టలో ఇల్లు, అమీర్‌పేటలో ఆఫీసు. మధ్యలో నడక. ఆ నడకలో నేను చూసే పచ్చదనం కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద.

ఆదివారం వెళ్లి చూస్తాను. ఊరికే, చూడటానికి.

ఆగస్టు 24, ఆదివారం

ఎలా రాయాలో తెలియట్లేదు. వరసగా రాస్తాను.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగాను. అక్కడినుంచి షేర్ ఆటో. రాత్రి వాన పడినట్టుంది, రోడ్డు పక్కన నీళ్లు. విహార ఎన్‌క్లేవ్‌లో అన్నీ రెండంతస్తుల ఇళ్లు. రోడ్లు నేను గీసిన చోటే ఉన్నాయి. అది చూస్తేనే నాకు ఒళ్లు జలదరించింది. ముప్పై అడుగుల రోడ్డు నిజంగానే ముప్పై అడుగులుంది. ఒకావిడ దాని మీద ముగ్గు వేస్తోంది.

ఉత్తరం మూలకి తిరిగాను. గుట్ట కనబడింది.

షీటు మీద అది నా అరచేయంత ఉంటుంది. ఇక్కడ తలెత్తి చూడాలి. ఏనుగంత బండలు ఒకదాని మీద ఒకటి. వాటి సందుల్లోంచి చెట్లు. వేపలు, కానుగలు, సీతాఫలం పొదలు. ఎవరో రాళ్లు సర్ది మెట్లు చేశారు. గేటు దగ్గర పసుప్పచ్చ టోపీ పెట్టుకున్న పెద్దాయన పైపుతో నీళ్లు పడుతున్నాడు.

"ఎవరింటికి వచ్చిన్రమ్మా?"

"ప్లాటు చూద్దామని వచ్చానండీ" అన్నాను. అబద్ధం నోటికి ఎంత సులువుగా వచ్చిందో.

"ప్లాట్లు యాడున్నయ్. అన్నీ అయిపోయినయ్. గుట్ట చూడున్రి, గుట్టకు పైసల్ లేవు. జర పైలం, వాన పడ్డది, బండ జారుతది."

ఆయన పేరు సారయ్య. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడట. ముందు నడుస్తూ చేయి అందించాడు. నాకు మోకాళ్లు నొప్పి. ఆయాసం. పైకి వెళ్లేసరికి నా చెప్పులు చేతిలో ఉన్నాయి.

పైన బండ పరుచుకుని ఉంది. మధ్యలో లోతుగా రాతి గుంట. నిండా వాన నీళ్లు. ఆకాశం మొత్తం అందులో ఉంది. ఇంత ఆకాశం చూసి నాకు ఎన్నాళ్లయిందో. ఆఫీసు కిటికీలోంచి నాకు కనబడేది మెట్రో పట్టాల మధ్య ముక్క.

నాకు ఒక పిచ్చి పుట్టింది. చుక్కల గీత ఎక్కడుంటుందో వెతకాలనిపించింది. గేటు మూలనుంచి అరవై నాలుగు మీటర్లు. అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను, బండల చుట్టూ తిరిగి, మళ్లీ వచ్చి. సారయ్య నన్ను అనుమానంగా చూశాడు. గీత ఆ నీటి గుంట మధ్యలోంచి పోతుంది. ఇటు సగం పార్కు. అటు సగం, ఆ పైన కనబడే కానుగ చెట్లన్నీ, ఆ బండలు, ఆ పక్షుల గోల, అన్నీ నా పొరపాటు.

అప్పుడు అటువైపు బండ మీదికి నెమలి వచ్చింది. నడుచుకుంటూ వచ్చింది, తన ఇంట్లో తిరుగుతున్నట్టు. నా పొరపాటు మీద కూర్చుంది.

నాకు భయం లాంటిది వేసింది. గుడిలో ఒక్కోసారి తెర తీసినప్పుడు అలా ఉంటుంది. ఇది నేను చేశానా. చేయలేదు. చేశాను. నేను చేయకపోతే ఇక్కడ ఈపాటికి ఐదంతస్తులు, లిఫ్టు, సెల్లారులో కార్లు ఉండేవి. ఆ నీళ్లవతల ఒక ముసలావిడ మేకలకి రొట్ట విరుస్తోంది. ఆవిడకి నా పేరు తెలియదు.

బండ మీద కూర్చుని ఏడ్చాను. సారయ్య చూశాడు. "శాన మందికి గట్లనే అయితది ఈడికొస్తే" అన్నాడు.

ఆగస్టు 25

మోకాళ్లు వాచాయి. సంతోషంగా ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

మళ్లీ వెళ్లాను. ప్లాటు సంగతి సారయ్య మర్చిపోయాడు, నేనూ గుర్తు చేయలేదు.

ఆయన ఇల్లు కట్టుకున్న ఏడాది గుట్ట మీద నాలుగు సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేవట. డ్యూటీ దిగి వచ్చి బిందెలతో నీళ్లు మోసేవాడట. "మా ఇంటామె తిట్టేది. ఇంట్ల నీళ్లు లేవు, గుట్టకు మోస్తున్నవని. తర్వాత ఆమె సుత మోసింది." ఆవిడ కరోనాలో పోయిందట. ఆవిడ పెట్టిన కానుగలు తొమ్మిది. చేత్తో చూపించాడు. తొమ్మిదీ గీతకి అవతలే ఉన్నాయి.

కాలనీ సెక్రటరీ వనితని కూడా చూశాను. స్కూలు టీచరు. నలభై ఉంటాయి. గేటు దగ్గర కరెంటు స్తంభానికి అతికించిన నోటీసు చూపించింది. అక్టోబరు తొమ్మిదిన, లేఅవుట్లు మంజూరు చేసే మాసబ్ ట్యాంక్ ఆఫీసులో విచారణ.

"ఎవరో రంగు తప్పేసిన్రంట మేడం. ఇరవై రెండేండ్లకు యాదికొచ్చిందంట" అంది. నవ్వలేదు.

నేను నోటీసు చదువుతున్నట్టు నిలబడ్డాను. పచ్చ పెన్సిల్ కొత్తది కాబోలు, రంగు ముదురుగా పడి చుక్కలు కప్పేసి ఉంటుంది. అదీ అయ్యుండొచ్చు.

సెప్టెంబరు 5

దుర్గేష్ ఆఫీసుకి వచ్చాడు. ముప్పై ఐదేళ్లు. మర్యాదస్తుడు. నన్ను ఆంటీ అన్నాడు. "మీ తప్పేం కాదు ఆంటీ, అప్పట్లో అందరూ చేత్తో గీసేవాళ్లు కదా" అని ఓదార్చాడు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. వాళ్ల నాన్న మూడెకరాలు ఎవరికీ ఇవ్వలేదు. నేనిచ్చాను. అదీ నిజమే.

అతను వెళ్లాక కృష్ణమోహన్ గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. డెబ్భై రెండేళ్లు. ఆఫీసులో ఒకప్పుడు పదకొండు మంది ఉండేవాళ్లం, ఇప్పుడు నలుగురం. దుర్గేష్ వాళ్ల ఫైళ్లే మాకు దిక్కు.

"సంతకం చేశావా అమ్మా?"

"చదువుతున్నాను సార్."

"ఒక పేజీనే కదా."

ఆయన అలా అన్నా విసుక్కోలేదు. మా ఆయన చనిపోయిన ఏడాది, చంకలో పిల్లతో వచ్చిన నన్ను, డిప్లొమా సర్టిఫికెట్ కూడా చూడకుండా స్టూలు మీద కూర్చోబెట్టారు. "ఒక గీత గీయి" అన్నారు. గీశాను. "రేపటినుంచి రా" అన్నారు. ఆయనతో నేను ఇన్నేళ్లలో ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడాల్సిన అవసరం ఆయన రానివ్వలేదు.

"సార్, ఆ గుట్ట మీరెప్పుడైనా చూశారా?" అని అడిగాను.

"వేసినవన్నీ చూస్తూ కూర్చుంటే వేసేదెప్పుడు?" అన్నారు.

సెప్టెంబరు 9, మంగళవారం

కరెంటు పోలేదు. పెన్సిల్ పాతదే.

రాసేస్తాను. ఇది ఎవరూ చదివేది కాదు.

ఆ రోజు రవళికి జ్వరం. మూడేళ్ల పిల్ల. పక్కింటావిడ దగ్గర పెట్టి వచ్చాను. సాయంత్రానికల్లా ఆరు కాపీలకీ రంగు వేయాలి. ముందు ఒక కాపీ వేసుకుని, దాన్ని ఎదురుగా పెట్టుకుని తక్కినవి వేయడం నా పద్ధతి. ట్రేసింగ్ వైపు మళ్లీ చూడను. మొదటి కాపీలో చెయ్యి ఎలా పోయిందో తెలియదు, పిల్ల ఒంటి వేడి మాత్రం అరచేతిలో ఉంది. ఆరో కాపీ ముగించి ట్రేసింగ్ చుట్టబోతూ చుక్కల గీత చూశాను.

చూశాను.

మళ్లీ వేయాలంటే కొత్త ప్రింట్లు తీయించాలి. అమ్మోనియా ప్రింట్ల కొట్టువాడు ఐదింటికి మూసేస్తాడు. పావుతక్కువ ఆరు అయింది. సారు సరిచూస్తారులే, చూసి తిడతారు, రేపు మళ్లీ వేస్తాను అనుకుని ఇంటికి పరిగెత్తాను. మర్నాడు నేను రాలేదు, పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆ తర్వాతి రోజు వచ్చేసరికి సారు ఆరింటి మీదా సంతకం పెట్టి పంపేశారు. నేను నోరు మెదపలేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లే. ఒక వారం భయపడ్డాను. తర్వాత మర్చిపోయాను. మర్చిపోయానని ఇన్నాళ్లూ అనుకున్నాను.

కాబట్టి ఆ కాగితంలో ఉన్నది అక్షరాలా నిజం. నేను పొరపాటు చేశాను. సంతకం చేస్తే నిజం చెప్పినదాన్నవుతాను, గుట్ట పోతుంది. చేయకపోతే గుట్ట ఉంటుంది, నేను అబద్ధాలకోరునవుతాను, సారు మాట పోతుంది. ఎంత సేపు చూసినా మూడో దారి లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

వెళ్లాను. నీళ్ల దగ్గర కూర్చుని వచ్చాను.

సెప్టెంబరు 21, ఆదివారం

ఈ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. మా కాకినాడ వైపు ఇది లేదు. పాతికేళ్లుగా అమీర్‌పేట మార్కెట్లో గునుగు పూలు కుప్పలు పోసి అమ్ముతుంటే పక్కనుంచి పోవడమే.

పొద్దున్న వెళ్లేసరికి గుట్ట నిండా ఆడవాళ్లు. బండల సందుల్లో గునుగు తెల్లగా నిలబడి ఉంది, కింద అంచున తంగేడు పసుప్పచ్చగా విరగబూసింది. బుట్టలు పట్టుకుని కోస్తున్నారు, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటున్నారు. మేకల ముసలావిడ మంగవ్వ బండ మీద కూర్చుని ఎవరు ఎక్కడ కోయాలో పురమాయిస్తోంది. లేఅవుట్ కాకముందు కింద ఉన్న చేలల్లో కూలికి వెళ్లేదట.

నా చేతికి ఒక బుట్ట ఇచ్చింది. "నిలబడి చూస్తవేందమ్మా, తెంపు. అన్నీ తెంపకు, కొన్ని ఇడువు. గింజ రాలాలె."

నేను తంగేడు కోశాను. కొమ్మ వంచితే నీటి చుక్కలు మొహం మీద పడ్డాయి. యాభై రెండేళ్లు వచ్చాయి నాకు, చెట్టునుంచి పువ్వు కోయడం ఎప్పుడో చిన్నప్పుడు. ఇన్నేళ్లూ పచ్చ పెన్సిల్ తప్ప పచ్చనిది పట్టుకోని చెయ్యి ఇది. సాయంత్రం గుంట పక్కన పళ్లేల్లో బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరిగారు. చప్పట్లు బండకి తగిలి వెనక్కి వచ్చాయి. వాళ్లలో నన్నూ లాగారు. అడుగు తెలియదు, తప్పులు వేశాను, ఎవరూ నవ్వలేదు.

ఇక ఆగలేకపోయాను. వనితని పక్కకి పిలిచి చెప్పేశాను. ఆ రంగు వేసింది నేనే అని.

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. నా కుడిచేయి తీసుకుని తిప్పి చూసింది, లోపలా బయటా.

"గీ చేత్తోనా?" అంది.

"ఈ చేత్తోనే."

"నిజంగ తప్పే చేసిన్రా మేడం? లేకుంటే ఎరికుండే వేసిన్రా?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ రెట్టించలేదు. "తొమ్మిదో తారీఖు మేం ఇరవై మందిమి వస్తున్నం. మీరేం చెప్పినా వింటం" అంది.

సెప్టెంబరు 22

సంచిలో తంగేడు కొమ్మ ఒకటి ఉండిపోయింది. గ్లాసులో పెట్టాను. రవళి ఎక్కడిదని అడిగింది. "నాదే" అన్నాను.

అక్టోబరు 3, శుక్రవారం

కాగితం తిరిగి ఇచ్చేశాను. సంతకం లేకుండా.

"నోటితో చెబుతాను సార్. అక్కడికి వచ్చి."

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశారు. "జరిగింది చెబుతావు కదా?"

తలూపాను. ఆయనకి చాలింది. "నేనూ నా ఉత్తరం అక్కడే ఇస్తాను, ఇద్దరం ఒకేసారి ముగించుకుందాం" అన్నారు. నా తల ఊపుకే నమ్మేశారు, ఆరు కాపీల్ని నమ్మినట్టు. నామీద నాకు అసహ్యం వేసింది.

అక్టోబరు 8

రేపు ఏం చెప్పాలో అనుకుని రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. కొట్టేశాను.

అక్టోబరు 9, గురువారం

జరిగిపోయింది.

మాసబ్ ట్యాంక్ ఆఫీసు, రెండో అంతస్తు, పొడుగాటి గది. ఒక వైపు కాలనీవాళ్లు, సారయ్య ఇస్త్రీ చొక్కాలో, పసుప్పచ్చ టోపీ ఒళ్లో పెట్టుకుని. మంగవ్వ కూడా వచ్చింది. ఇంకో వైపు దుర్గేష్, అతని లాయరు, కృష్ణమోహన్ గారు. నేను ఎక్కడ కూర్చోవాలో తెలియక మధ్యలో నిలబడ్డాను. సారు పక్క కుర్చీ చూపించారు. వెళ్లి కూర్చున్నాను.

అధికారిణి నాకంటే చిన్నది. షీటు బల్ల మీద పరిచింది. నా పచ్చరంగు ఇరవై రెండేళ్లకి కొంచెం వెలిసింది.

"ఇది మీరు వేసిందేనా?"

"నేనేనండీ."

"ఇక్కడ చుక్కల గీత ఉంది. దాన్ని దాటి రంగుంది. పొరపాటుగా వేశారా?"

నేను కాలనీవాళ్ల వంక చూడలేదు. చూస్తే ఏడుస్తాను. సారు వంక చూశాను. ఆయన చేతిలో కవరు, అందులో ఉత్తరం. తెల్ల చొక్కా. ఒక గీత గీయించి నాకు అన్నం పెట్టిన మనిషి. ఈయన్ని అబద్ధాలకోరుని చేయకుండా గుట్టని ఉంచే దారి లేదు, లేదు అనుకుంటున్నాను నెలన్నరగా. అక్కడ, ఆ క్షణంలో, నోరే దారి వెతుక్కుంది.

"కాదండీ. తెలిసే వేశాను. ముందు గీత గీశాను. తర్వాత మా సారు వచ్చి, గుట్ట మొత్తం వదిలేయమన్నారు. అందుకే దాని మీదుగా వేశాను. ఆరు కాపీలున్నాయి చూడండి, ఆరింటిలోనూ అంతే. పొరపాటైతే ఆరుసార్లు చేస్తానా? ఆరింటి మీదా సరిచూసినట్టు సారు సంతకం ఉంది."

దుర్గేష్ లాయరు లేచి ఏదో అన్నాడు. అధికారిణి చేత్తో ఆపింది.

"కృష్ణమోహన్ గారూ. మీరే చెప్పారా?"

ఆయన నావైపు తిరిగారు. అంత ఆశ్చర్యం నేను ఆయన మొహంలో ఎప్పుడూ చూడలేదు. నేను కళ్లు దించుకోలేదు. ఎలా దించుకోలేదో నాకే తెలియదు.

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. సారయ్య లేచాడు. "సార్, మీరేనా?" అన్నాడు. "ఇన్నేండ్లు ఎవరో దేవుడు ఇడిసిపెట్టిండు అనుకున్నం. మా ఇంటామె పోయేదాంక దండం పెట్టేది, ఎవరో తెల్వకుంట." చేతులు జోడించాడు. వనిత లేచింది. మంగవ్వ లేచింది. ఇరవై మందీ లేచి ఆ ముసలాయనకి దండం పెట్టారు.

కృష్ణమోహన్ గారు షీటు మీదికి వంగారు. చాలాసేపు చూశారు. బహుశా ఆయన ఆ షీటు చూడటం అదే మొదటిసారి.

"చెప్పాను" అన్నారు.

కవరు తెరవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు. పొరపాటే లేనప్పుడు సవరించడానికేముందని అధికారిణి దరఖాస్తు కొట్టేసింది. నా మాటలు రాసి చదివి వినిపించింది. కింద సంతకం చేశాను. అబద్ధం కింద నా పూర్తి పేరు.

దుర్గేష్ వెళ్తూ నా దగ్గర ఆగాడు. "మా నాన్న అలా ఒప్పుకోడు ఆంటీ" అన్నాడు మెల్లగా. అతనికి నేను చేసింది అన్యాయమే. అది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

కిందకి దిగాక సారు ఆటో ఎక్కారు. నన్ను రమ్మనలేదు.

అక్టోబరు 10

దుర్గేష్ మనుషులు వచ్చి వాళ్ల ఫైళ్లన్నీ పట్టుకెళ్లారు. సారు గదిలోంచి రాలేదు. నేను రాజీనామా రాసి బల్ల మీద పెట్టాను. సాయంత్రం చూస్తే నా స్టూలు మీద ఉంది, చించి. పక్కన ఒక చీటీ. "ఆదివారం ఎన్నింటికి వెళ్తావు?"

అక్టోబరు 12, ఆదివారం

మెట్రోలో ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆటోలోనూ అంతే. కాలనీ మొదట్లో దిగి రోడ్డు చూశారు. "ముప్పై అడుగులా?" అన్నారు. "ముప్పై సార్" అన్నాను.

గుట్ట ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. సారయ్య ఒక చేయి, నేను ఒక చేయి. మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. సీతాఫలాలు కళ్లు విప్పుతున్నాయి. ఎవరో ఒకటి కోసి ఆయన చేతిలో పెట్టారు. పైకి వచ్చి ఆ పరుపు బండ మీద నిలబడ్డారు. నీళ్లు చూశారు. కానుగలు చూశారు. పైకి చూశారు. అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. నాకు మొదటిరోజు ఏమైందో ఆయనకీ అదే అయింది, నాకు తెలుసు.

సారయ్య మంచినీళ్ల కోసం కిందకి వెళ్లాడు. ఇద్దరమే మిగిలాం. తిడతారని సిద్ధంగా ఉన్నాను. తిట్టించుకోవాలనే ఉంది.

"ఆ రోజు నేను ఏమన్నానమ్మా?" అన్నారు.

ఆయన మొహం చూశాను. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతున్నారు.

"గుట్టని ముక్కలు చేయకు ఛాయా, మొత్తం వదిలెయ్ అన్నారు సార్."

ఆయన ఆ మాటలు పెదవుల మీదే ఒకసారి అనుకున్నారు. నెమ్మదిగా తలాడించారు.

"అలాగే అని ఉంటాను. అప్పట్లో నేను అలాగే ఉండేవాణ్ని."

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకున్నాను. ఆయన చేతిలో సీతాఫలం అలాగే ఉంది, చూపు నీళ్ల మీద ఉంది.

"ఇంకా ఏమన్నాను?" అన్నారు.

పక్కన కూర్చుని, ఆయన ఎన్నడూ అనని మాటలు ఒక్కొక్కటే గుర్తు చేశాను.